ఐదు వందల టికెట్టుకు ఏమొస్తుంది

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ జనం నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "గింత రేటెందుకు?" అడిగిన ప్రతిసారీ ఏదో ఒక జవాబు చెప్పాను. చెప్పిన జవాబు నాకే నచ్చిన రోజులు తక్కువ.

ఖమ్మంలో ఒక ఈవెంట్ కంపెనీలో నేను టికెట్ల ఇన్‌ఛార్జిని. సినిమాల్లో పాడే పెద్ద గాయకులను ఆర్కెస్ట్రాతో సహా తీసుకొచ్చి ఖమ్మంలో, కొత్తగూడెంలో, భద్రాచలంలో ప్రోగ్రాములు పెట్టేవాళ్ళం. మీరిప్పుడు ఫోన్లో వేలితో సీటు నొక్కి, డబ్బు కట్టి, నల్ల చుక్కల బొమ్మ ఒకటి గేటు దగ్గర చూపించి లోపలికి వెళ్ళిపోతున్నారు. రేటు చూసి మండినా తిట్టడానికి ఎదురుగా మనిషి ఉండడు. మా రోజుల్లో ఆ మనిషిని నేను. ఫోన్ టికెట్లు వచ్చాక కూడా మా కంపెనీ కౌంటర్ మూయలేదు. ఇల్లందు నుంచో చర్ల నుంచో బస్సెక్కి వచ్చేవాళ్ళలో చాలామందికి చేతిలో కాగితం పడితే తప్ప టికెట్ కొన్నట్టు ఉండేది కాదు.

మా యజమానిది సత్తుపల్లి వైపు రైతు కుటుంబం. చెడ్డవాడు కాదు. రేట్ల మాట ఎత్తితే మాత్రం మామిడి తోట కథ చెప్పేవాడు. "ఇది తోట కౌలుకు తీసుకున్నట్టే మేడం. పాడే ఆవిడకు ముందే ఇవ్వాలి. వాయించేవాళ్ళకు రూములు, సౌండు, స్టేజీ, జనరేటరు, పర్మిషన్లు, ట్యాక్సు. ఒక్క గాలివాన వచ్చిందంటే కాయంతా నేల మీదే. ఆ భయం కూడా కలిపే రేటు పెడతాం." ఈ లెక్కలో నాకు అబద్ధమేమీ కనబడేది కాదు. నేను చర్చి కొయర్‌లో పాడుతూ పెరిగినదాన్ని. అక్కడ పాటకు టికెట్ లేదు. అయితే కానుక సంచి మాత్రం ఏ వరుసనూ మరిచిపోయేది కాదు. పాట ఎక్కడైనా ఎవరో ఒకరు ఖర్చు పెడితేనే నిలబడుతుందని చిన్నప్పుడే తెలుసు నాకు.

ఇక అసలు సంగతి. నా రిటైర్మెంట్‌కు కొద్దిగా ముందు, మా అందరి యవ్వనంలో ప్రతి ఇంటా క్యాసెట్లలో వినబడిన ఒక గాయని ఖమ్మం వస్తోంది. ఆవిడకూ వయసు మళ్ళింది, ప్రోగ్రాములు ఇవ్వడం తగ్గించింది. కాలేజీ గ్రౌండులో ఏర్పాటు. ముందు సోఫాలు ఐదు వేలు, మధ్య కుర్చీలు పదిహేను వందలు, చివరి వరుసలు ఐదు వందలు. పోస్టరు అడుగున "వెనక సీట్ల వారికి పెద్ద స్క్రీన్లు" అని రంగు అక్షరాలతో వేయించాం.

కౌంటర్ దగ్గరికి ఒక ముసలి జంట వచ్చింది. ఆయన పంచె మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆమె కౌంటర్ కంతలోకి వంగి, "చెల్లె, ముందు సీటు ఎంత?" అని అడిగింది.

"ఐదు వేలమ్మా."

"ఇద్దరికా?"

"ఒక్కరికే."

"గంత పైసలు పెడితే ఆమెనే మా ఇంటికొచ్చి పాడి, అన్నం తిని పోతదేమో గద చెల్లె!"

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. వెనక నిలబడ్డ ఆయన మాత్రం నవ్వలేదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఏమంటున్నది?" అని అరిచాడు. ఆ అరుపుకు రోడ్డవతల టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు ఇటు తిరిగారు. ఆమె ఆయన వైపు తిరిగి, గొంతు లేకుండా, పెదవులు మాత్రమే నెమ్మదిగా కదిలించి ఏదో చెప్పింది. ఆయన తల ఊపాడు.

"అయినకు ఇనబడదు చెల్లె" అందామె. "ఇల్లందుల బొగ్గు బాయిల పని. డ్రిల్లు సప్పుడు, పేలుడు సప్పుడు. పెన్షన్ వచ్చేనాటికి చెవులు రెండు పాయె. మిషను పెట్టించినం. పాట పెడితే గుయ్యిమంటదని తీసి డబ్బల పడేసిండు."

వినబడని మనిషికి పాటల టికెట్ ఎందుకని నేను పైకి అనలేదు. నా మొహం అన్నట్టుంది.

"గీమె పాటలంటే పానం అయినకు" అని ఆమె తనే చెప్పింది. "చెవులు మంచిగున్నప్పుడు రాత్రి షిఫ్టు చేసొచ్చి క్యాసెట్ పెట్టుకోనిదే పండకపోయేటోడు. పాటలన్ని తలకాయలనే ఉన్నయంట. ఆమె నోరు కదులుడు కనబడితే సాలు, లోపల క్యాసెట్ తిరుగుతదంటడు. నాతోని మాట్లాడేది గట్లనే, నా నోరు చూసి. అందుకే దగ్గర సీటు అడిగిన."

ఇన్నేళ్ళ పనిలో నన్ను ముందు సీటు అడిగిన కారణాలు చాలా విన్నాను. ఇది వినలేదు. నా దగ్గర స్టాఫ్‌కు ఇచ్చే ముందు వరుస పాసులు రెండున్నాయి. మా చెల్లెలికి ఇద్దామని పెట్టుకున్నవి. తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె వాటిని ఆయనకు చూపించి పెదవులతో చెప్పింది. ఆయన అడ్డంగా తల ఊపాడు.

"పాసొద్దు" అన్నాడు, మళ్ళీ అదే గొంతుతో. "పాసు మీద కూసుంటే ఎవ్వడన్న వచ్చి లెవ్వుమంటడు. టికెట్ కొన్నోణ్ణి ఎవ్వడు లేపడు."

ఆమె మెల్లగా చెప్పింది. ఏదో సభలో, రిటైరైన కార్మికులకు శాలువాలు కప్పుతామని పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారట. ఆఫీసర్లు రాగానే లేపి వెనక్కి పంపారట. శాలువా సంగతి అందరూ మరిచిపోయారట. "గది మనసుల పెట్టుకున్నడు. ఐదు వందలయే రెండియ్యి చెల్లె. స్క్రీన్ ఉంటదని రాసిండ్రు గద, అండ్ల కనబడ్తది."

"కనబడుతదమ్మా. పెద్దగ కనబడుతది" అన్నాను, టికెట్లు చింపుతూ.

వెళ్ళబోతూ ఆగి అడిగింది: "టీవీల లెక్క మాటిమాటికి మారుస్తరా, ఆమె మొహమే ఉంచుతరా?"

"ఉంచుతరు" అన్నాను. అని, అది నిజం చేయడానికి అదే మధ్యాహ్నం బయల్దేరాను.

మా స్క్రీన్ల పని చూసే అతను చర్ల అవతలి అడవి ఊరివాడు. పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తూ పని నేర్చుకుని, మూడు కెమెరాలను ఒక బల్ల ముందు కూర్చుని నడిపే స్థాయికి వచ్చాడు. మాట తక్కువ. నేను సంగతి చెప్పి, ఒక స్క్రీన్ మీద ఆవిడ మొహం తప్ప ఇంకేమీ వేయొద్దని అడిగాను.

"సార్ ఒప్పుకోడు మేడం. రెండు స్క్రీన్లు అడ్వటైజుమెంట్లకు అమ్మిండు. బంగారం షాపు, విత్తనాలు, ప్లాట్లు. పాట నడుస్తుంటనే వెయ్యాలట."

"ఆ ముసలాయనకు వినబడదు తమ్మీ. నోరు చూసి పాట అందుకుంటడు."

అతను చేతిలో వైరు చుడుతూనే ఉన్నాడు. తర్వాత అన్నాడు: "మా అమ్మకు తెలుగు సరిగ్గ రాదు, మా కోయ భాషనే. దవాఖానకు తీస్కపోతే డాక్టర్ మొహమే చూస్తది. ఆయన పేపర్ దిక్కు చూస్కుంట మాట్లాడితే ఇంటికొచ్చి ఏడుస్తది." చుట్టిన వైరు కింద పెట్టాడు. "సార్‌ను మీరు అడగండి. మిగిలింది నేను చూస్త."

యజమాని దగ్గరికి వెళ్ళాను. ఆయన మొదట నవ్వాడు, తర్వాత మామిడి తోట మొదలుపెట్టబోయాడు. నేను పోస్టరు ఆయన ముందు పెట్టాను.

"సార్, వెనక కూర్చున్నవాళ్ళకు స్టేజీ మీద మనిషి బొటనవేలంత కనబడుతుంది. ఐదు వందలు తీసుకుని మనం వాళ్ళకు అమ్మేది ఈ స్క్రీనే. అదే స్క్రీన్‌ను బంగారం షాపుకు కూడా అమ్మితే, ఒకే గేదెను ఇద్దరికి అమ్మినట్టు కాదా?"

గేదె మాట ఆయనకు తగిలింది. రైతు ఇంట పుట్టినవాడు కదా. గడ్డం గోక్కున్నాడు. "ఎడమ స్క్రీన్ వదిలేస్తాను. పాటకూ పాటకూ మధ్య మాత్రం యాడ్లు పడతాయి. అంతకంటే నావల్ల కాదు మేడం, వాళ్ళ దగ్గర అడ్వాన్సు తినేశాను."

అంతే చాలనుకున్నాను.

ప్రోగ్రాం రోజు సాయంత్రం ఆ భార్యాభర్తలిద్దరూ అందరికంటే ముందే వచ్చారు. ఆయన తల నున్నగా దువ్వుకుని, జేబులో టికెట్ సగం బయటికి కనబడేట్టు పెట్టుకున్నాడు. ఎడమ స్క్రీన్ సూటిగా కనబడే చోట కూర్చోబెట్టాను. నాకు గేటు దగ్గర పని. అయినా ఏదో ఒక వంకతో అటే తిరిగాను.

గాయని వచ్చింది, నమస్కారం పెట్టింది, మొదటి పాట ఎత్తుకుంది. ఎడమ స్క్రీన్ నిండా ఆవిడ మొహం. చెంపల మీద ముడతలు, నుదుటి మీద చెమట, అన్నీ కనబడుతున్నాయి. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి చూస్తున్నాడు. చరణం దాకా కదలలేదు. చరణంలో ఆయన పెదవులు కదలడం మొదలుపెట్టాయి. భార్య స్క్రీన్ చూడడం మానేసి ఆయన్నే చూస్తోంది. లోపల క్యాసెట్ తిరుగుతోందన్నమాట.

మూడో పాటో, నాలుగో పాటో మధ్యలో ఉంది. గేటు దగ్గర హడావుడి. ముఖ్య అతిథిగా పిలిచిన నాయకుడు ఆలస్యంగా, మందితో సహా వచ్చాడు. వచ్చినవాణ్ణి ముందు సోఫాలోకి నడిపించి, అక్కడే దండలు వేయడం మొదలుపెట్టారు. పాట ఆగలేదు. రెండు స్క్రీన్ల మీదా గాయని మాయమై దండలు ప్రత్యక్షమయ్యాయి.

నేను వెనక వరుసలో ముసలాయన వైపు చూశాను. పెదవులు ఆగిపోయాయి. చీకట్లో మెట్టు కోసం కాలుతో వెతికే మనిషిలా మొహం అటూ ఇటూ తిప్పుతున్నాడు. మాకందరికీ పాట వినబడుతూనే ఉంది. ఆయన ఒక్కడికే కరెంటు పోయింది.

స్క్రీన్ల బల్ల దగ్గరికి దాదాపు పరుగెత్తాను. యజమాని అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. "రెండు నిమిషాలు మేడం, దండలు కాగానే మారుస్తాం" అన్నాడు నేను నోరు తెరవకముందే. దండలు చూస్తే రెండు నిమిషాల్లో అయ్యేట్టు లేవు. వెనక వరుసల్లో గొణుగుడు మొదలైంది. ఎవరో "పాట సూపెట్టుండ్రి" అని అరిచారు.

స్క్రీన్ల అతను మా ఇద్దరినీ చూడలేదు. బల్ల కిందికి వంగాడు. మరుక్షణం స్క్రీన్ల మీద దండలు పోయి, రెండింటి మీదా గాయని మొహం నిండుగా వచ్చింది.

"ఏమైందిరా?" అన్నాడు యజమాని.

"అతిథి దిక్కున్న కెమెరా వైరు లూజైంది సార్. ఇగ స్టేజీ దిక్కున్నయే పనిచేస్తయి." మొహంలో ఏ భావమూ లేదు.

వెనక వరుసలు ఒక్కసారిగా చప్పట్లు కొట్టాయి. యజమాని పళ్ళు నూరాడు గానీ, అదే సమయానికి ముందు సోఫాలో నాయకుడు లేచి, చప్పట్లు తనకే అనుకుని వెనక్కి తిరిగి అందరికీ దండం పెట్టాడు. ఆయన సంతోషించాక ఇక మా యజమాని కోప్పడడానికి కారణం మిగల్లేదు. ఆ వైరు ప్రోగ్రాం అయ్యేదాకా లూజుగానే ఉంది.

ఆ తర్వాత జరిగింది మేమెవరమూ ఏర్పాటు చేసింది కాదు.

ప్రోగ్రాం చివరికి వస్తుండగా గాయని వాయిద్యాలన్నీ ఆపమంది. తనకు పేరు తెచ్చిన పాత పాటను ఉత్త గొంతుతో అందుకుంది. గ్రౌండంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి ఇంకో గొంతు వినబడింది. బొంగురుగా, గట్టిగా, ఆవిడ కంటే ఒక్క రెప్పపాటు వెనకగా. కెమెరాలో బొమ్మ స్క్రీన్ మీదికి చేరడానికి ఆ మాత్రం ఆలస్యం అవుతుంది. ఆయన ఆవిడ నోటిని నమ్ముకుని పాడుతున్నాడు కాబట్టి పాటంతా ఆ రెప్పపాటు వెనకే నడిచింది. తను ఎంత గట్టిగా పాడుతున్నాడో ఆయనకు తెలియదు.

జనం తలలు తిప్పారు. కొందరు నవ్వారు. భార్య గబుక్కున ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఆయన ఆగిపోయాడు. చుట్టూ చూసి, ఏం జరిగిందో అర్థమై తల దించుకున్నాడు.

స్టేజీ మీద ఆవిడ కూడా ఆగింది. "నాతో ఎవరో పాడుతున్నారు. ఎందుకు ఆపేశారు?" అని మైకులో అడిగింది.

భార్య లేచి నిలబడింది. అంత మందిలో మాట్లాడే అలవాటు లేని మనిషి. చెంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, దించేసింది. "అయినకు ఇనబడదమ్మా. మీ నోరు చూసి పాడుతుండు."

ఆ మాట స్టేజీ దాకా వెళ్ళలేదు. ముందున్న వరుస వాళ్ళు విని వాళ్ళ ముందున్నవాళ్ళకు చెప్పారు. వాళ్ళు ఆ ముందువాళ్ళకు. ఐదు వందల వరుసల నుంచి పదిహేను వందల వరుసలకు, అక్కడి నుంచి సోఫాలకు, సోఫాల నుంచి స్టేజీకి. చివరికి ముందు సోఫాలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి స్టేజీ అంచుకు వెళ్ళి చెప్పింది.

గాయని వంగి వింది. తర్వాత తన చేతిలో మైకు వైపు చూసుకుంది. అప్పుడు గమనించాను నేను. మైకు ఆవిడ కింది పెదవిని మొదటి నుంచీ కప్పేస్తోంది. ఆయన ఇంతసేపూ సగం నోరు చూసే పాటలు పోల్చుకున్నాడు. మేము స్క్రీన్ కోసం అంత గొడవ పడ్డాం గానీ ఈ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆవిడ మైకును గుండెల దాకా దించేసింది. కెమెరా వైపు సూటిగా చూసి, మొదటి నుంచి, నెమ్మదిగా పాడింది. ఒక్కో పాదం పాడి ఆగేది. వెనక నుంచి ఆయన గొంతు వచ్చాక తర్వాతి పాదం అందుకునేది. మైకు దూరమయ్యేసరికి సౌండు పడిపోయింది. ఐదు వేల సోఫాల్లో ఒకాయన సౌండు పెంచమని మా వాళ్ళకు చెయ్యెత్తి సైగ చేశాడు. పక్కనున్న ఆయన భార్య ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. దించిన చెయ్యి పాట అయ్యేదాకా వదల్లేదు.

పాట అయిపోయాక గాయని ముసలాయన్ను స్టేజీ మీదికి పిలవలేదు. శాలువా తెప్పించలేదు. రెండు చేతులూ జోడించి వెనక వరుసల వైపు తల వంచింది. ఆయన కూర్చున్న చోటే లేచి దండం పెట్టి, మళ్ళీ కూర్చున్నాడు. అంతే. మిగిలిన పాటలు వాయిద్యాలతో మామూలుగా నడిచాయి.

బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర నేను, మా యజమాని పక్కపక్కన నిలబడి ఉన్నాం. ముసలాయన నన్ను గుర్తుపట్టి ఆగాడు. నేను పెదవులతోనే "ఎట్లుంది?" అని అడిగాను. మొదటిసారి కదా, నాకు సరిగ్గా రాలేదు. ఆయనకు అర్థమైంది.

"పాట మంచిగుంది" అన్నాడు, గేటు దగ్గరున్న నలభై మందీ వినేట్టు. "టికెట్ రేటే ఎక్కువ పెట్టిండ్రు. ఐదు వందలంటే కష్టం చేసుకునేటోడు ఎట్ల వస్తడు? మీ సేటుకు జర చెప్పమ్మా!"

భార్య ఆయన మోచెయ్యి గిల్లింది. మా యజమాని నేల చూశాడు. నేను నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాను.

ఆ ఏడాది యజమానికి ఇదేమీ లాభం తెచ్చిన కథ కాదు. బంగారం షాపు వాళ్ళు సగం డబ్బు కోత పెట్టారు. వైరు సంగతి ఆయనకు ఎప్పటికీ చెప్పలేదు, ఆయన కూడా ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం ఆయన మర్యాద. తర్వాతి ప్రోగ్రాంకు సోఫాల రేటు పెరిగింది, మధ్య కుర్చీల రేటు పెరిగింది. చివరి వరుసల దగ్గరికి వచ్చేసరికి పెన్ను పట్టుకుని కాసేపు కూర్చుని, పాత రేటే ఉంచాడు. ఎడమ స్క్రీన్ మీద పాట నడుస్తుండగా ప్లాట్లు అమ్మడం కూడా మానేశాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు, న్యాయమైన రేటు ఎంతని. ఇప్పటికీ తెలియదు నాకు. పాడేవాళ్ళు బతకాలి, వాయించేవాళ్ళు బతకాలి, తోట కౌలుకు తీసుకున్నవాడు కూడా మునగకూడదు. ఎంత పెట్టినా ఎవరో ఒకరు గేటు బయటే మిగిలిపోతారు. అయితే ఒక్కటి చెప్పగలను. ఎంత తీసుకుంటున్నామో అందరికీ తెలుస్తుంది. ఆ డబ్బుకు ఏమిస్తామని మాటిచ్చామో, ఆ మాట కౌంటర్ దగ్గరే మరిచిపోవద్దు. చివరి వరుస మనిషి కూడా పూర్తి టికెట్టే కొన్నాడు.

నేను ఉద్యోగంలో ఉన్న చివరి ప్రోగ్రాంకు టికెట్లు అమ్ముతున్న రోజు, కౌంటర్ ముందు పెద్ద గొడవ వినబడి తల ఎత్తాను. ఎవరో కొట్టుకుంటున్నారనుకున్నాను. చూస్తే ఇల్లందు బస్సు దిగిన ముసలివాళ్ళు పదీ పన్నెండు మంది. అందరివీ ఇస్త్రీ చొక్కాలే. అందరూ ఒకరితో ఒకరు అరుచుకునే మాట్లాడుకుంటున్నారు. ముందు మన ముసలాయన.

"వీళ్ళంత బాయిల నాతోని పనిచేసినోళ్ళే. ఎవ్వనికి ఇనబడదు" అని నా మొహం మీదే అరిచాడు. "అందరికి ఎనక సీట్లే ఇయ్యి, అడ్వటైజుమెంట్లు రాని దిక్కు!"

నేను అందరికీ కనబడేట్టు కుర్చీలోంచి లేచి నిలబడి, నోరు పూర్తిగా తెరిచి, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను, "ఉన్నాయి" అని.